రెండేళ్లు వరుసగా వరల్డ్ సిరీస్ గెలిచినా డేవ్ రాబర్ట్స్‌కు ఉత్తమ మేనేజర్ అవార్డు ఎందుకు రాలేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అమెరికా బేస్‌బాల్ జట్టు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ను 2024లోనూ 2025లోనూ వరల్డ్ సిరీస్ (ఏడాది ఆఖరున జరిగే ఫైనల్) విజేతగా నిలిపిన డేవ్ రాబర్ట్స్‌ను కాదని, ఆ రెండేళ్లూ నేషనల్ లీగ్ (అక్కడి రెండు లీగుల్లో ఒకటి, రెండోది అమెరికన్ లీగ్) ఉత్తమ మేనేజర్ అవార్డును మిల్వాకీ బ్రూవర్స్ మేనేజర్ పాట్ మర్ఫీకి ఇచ్చారు. మర్ఫీ జట్టు రెండుసార్లూ వరల్డ్ సిరీస్ దాకా కూడా రాలేదు. మరి ఈ అవార్డును ఏ లెక్కన ఇస్తారు, దానికి విలువ ఉందా?

ముందు సూటిగా జవాబు చెబుతాను. రెగ్యులర్ సీజన్ ముగిశాక మేటి జట్ల మధ్య జరిగే ప్లేఆఫ్స్ మొదలు కాకముందే ఓట్లు పడిపోతాయి. అక్టోబర్‌లో జరిగేది ఏదీ లెక్కలోకి రాదు. ఫలితం నవంబర్‌లో ప్రకటిస్తారు కాబట్టి చూసేవాళ్లకు ఇది తెలియదు, వరల్డ్ సిరీస్ చూశాక ఇచ్చిన తీర్పు అనుకుంటారు. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఓటు వేసే విలేకరులు చూసేది ఏ జట్టు అందరూ అనుకున్నదానికంటే ఎక్కువ గెలిచిందని. మార్చిలోనే విజేత అని అందరూ రాసేసిన జట్టును నడిపేవాడికి ఆ లెక్కలో ముందుకు రావడం దాదాపు అసాధ్యం. విలువ ఉందా అంటే, ఉంది. అది దేనికి ఇచ్చిన అవార్డో తెలుసుకుని చూస్తే చాలా ఉంది.

నేను క్లీవ్‌లాండ్ దగ్గర ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. ఏటా ముప్పైకి తక్కువ కాకుండా ఆటలు స్టేడియంలో కూర్చుని, స్కోరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని చూస్తాను. మా పేటలో పిల్లల జట్టుకు పదకొండేళ్లు కోచ్‌గా పనిచేశాను. 2008 నుంచి ప్రతి ఏడాదీ రెగ్యులర్ సీజన్ ఆఖరి ఆట ముగిసిన రాత్రి, విలేకరులు వేసినట్టే, లీగ్‌కు మూడు పేర్ల చొప్పున నా ఓటు నా పుస్తకంలో రాసి తేదీ వేసుకుంటాను. తరువాత ఏం జరిగినా ఆ పేజీ దిద్దను. కాబట్టి ఈ జవాబులో కొంత చరిత్ర, కొంత నా పుస్తకం ఉంటాయి.

ఓటు సంగతి ముందు. ఈ అవార్డును ఇచ్చేది అమెరికా బేస్‌బాల్ విలేకరుల సంఘం. 1983లో మొదలుపెట్టారు. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో చికాగో వైట్ సాక్స్ మేనేజర్ టోనీ లా రూసాకు, నేషనల్ లీగ్‌లో డాడ్జర్స్ మేనేజర్ టామీ లసోర్డాకు వచ్చింది. ఒక్కో లీగ్‌లో పదిహేను జట్లు, ఒక్కో జట్టు ఊరి నుంచి ఇద్దరు విలేకరులు, మొత్తం 30 ఓట్లు. ఒక్కొక్కరు మూడు పేర్లు రాస్తారు. మొదటి పేరుకు 5, రెండో పేరుకు 3, మూడో పేరుకు 1 పాయింటు. ‘స్పోర్టింగ్ న్యూస్’ పత్రిక ఇచ్చే అవార్డు ఇంకా పాతది, 1936 నుంచి ఉంది. అయినా మేనేజర్ పేరు పక్కన జీవితాంతం నిలిచేది విలేకరుల సంఘం ఇచ్చినదే.

బేస్‌బాల్ మేనేజర్ అంటే ఎవరో ఇక్కడ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పేరు చూసి ఆఫీసులో కూర్చునే మనిషి అనుకోకండి. ఆటగాళ్లను కొనేది, అమ్మేది జనరల్ మేనేజర్. అతని ఉద్యోగం వేరు. మేనేజర్ ఆటగాళ్లలాగే జెర్సీ వేసుకుని, మైదానం పక్కన జట్టు కూర్చునే డగౌట్‌లో నిలబడతాడు. క్రికెట్‌లో కెప్టెన్ మైదానంలో చేసే పని, అంటే బౌలర్‌ను ఎప్పుడు మార్చాలి, బ్యాటింగ్ వరుస ఎలా ఉండాలి, ఫీల్డర్లు ఎక్కడ నిలబడాలి అన్నవి ఇక్కడ మేనేజర్ చేస్తాడు. అది ఆరు నెలల్లో 162 సార్లు చేస్తాడు. ఓడిన రాత్రి విలేకరుల ముందు కూర్చుని జవాబు చెప్పి, మర్నాడు మళ్లీ కొత్త వరుస రాస్తాడు.

ఆ పనిని కొలిచే అంకె మాత్రం ఏదీ లేదు. బంతి వేసే పిచ్చర్‌కు, దాన్ని కొట్టే బ్యాటర్‌కు వంద అంకెలున్నాయి. మేనేజర్‌కు ఉన్నవి గెలుపోటములు, అవీ ఆటగాళ్లవే. అందుకే విలేకరులు దొరికిన ఒకే కొలబద్దను పట్టుకున్నారు: అనుకున్నదానికీ అయినదానికీ మధ్య దూరం.

ఇక మర్ఫీ సంగతి. ఇది నిదానంగా చెప్పాలి.

2023 ఆఖరులో మిల్వాకీకి ఎన్నో ఏళ్లుగా మేనేజర్‌గా ఉన్న క్రెయిగ్ కౌన్సెల్, అదే డివిజన్‌లోని (లీగ్‌లో ఐదేసి జట్ల గుంపును డివిజన్ అంటారు) చికాగో కబ్స్‌కు వెళ్లిపోయాడు. అతని పక్కన ఉండి పనిచేసిన మర్ఫీకి ఆ కుర్చీ దక్కింది. కౌన్సెల్ నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో ఆడినప్పుడు అతనికి కోచ్ ఈ మర్ఫీయే. అంటే శిష్యుడి దగ్గర పనిచేసి, శిష్యుడు వదిలిన చోటికి గురువు వచ్చాడు. 2024 సీజన్ మొదలయ్యేలోపే జట్టులోని మేటి పిచ్చర్ కార్బిన్ బర్న్స్‌ను బాల్టిమోర్‌కు పంపేశారు. మరో మేటి పిచ్చర్ బ్రాండన్ వుడ్రఫ్ భుజం శస్త్రచికిత్సతో ఏడాదంతా ఆడలేదు. ఆ జట్టు 93 ఆటలు గెలిచి డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. మర్నాటి ఏడాది షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) విల్లీ అడామెస్ శాన్ ఫ్రాన్సిస్కోకు, ఆఖరి ఇన్నింగ్స్ వేసే డెవిన్ విలియమ్స్ న్యూయార్క్‌కు వెళ్లారు. 2025లో మొదటి నాలుగు ఆటలూ ఓడారు, అవీ చిత్తుగా. మే నెల చివరి వారం దాకా ఓటములే ఎక్కువ. ఆగస్టులో వరుసగా 14 ఆటలు గెలిచారు. ఆ జట్టు చరిత్రలో అదే రికార్డు. ఆఖరికి 97 విజయాలు, అన్ని జట్లలోకీ ఎక్కువ. డాడ్జర్స్ 93 దగ్గర ఆగారు. డాడ్జర్స్ ఆటగాళ్ల జీతాలు ముప్పై కోట్ల డాలర్లు దాటాయి, మిల్వాకీవి అందులో సగం కూడా కావు.

ఇంకొక్క విషయం. 2025 రెగ్యులర్ సీజన్‌లో మిల్వాకీ, డాడ్జర్స్ ఆరుసార్లు తలపడ్డాయి. ఆరుసార్లూ మిల్వాకీయే గెలిచింది. ఓట్లు పడింది అప్పుడు. తరువాత లీగ్ ఛాంపియన్‌షిప్‌లో అవే రెండు జట్లు కలిస్తే డాడ్జర్స్ నాలుగుకు నాలుగూ గెలిచి మిల్వాకీని ఇంటికి పంపారు. మీకు అన్యాయంగా కనిపించింది ఈ రెండో బొమ్మ. ఓటరు దగ్గర ఉన్నది మొదటి బొమ్మ ఒక్కటే.

రాబర్ట్స్‌కు ఈ అవార్డు అసలు రాలేదని కూడా అనుకోకండి. 2016లో, మేనేజర్‌గా అతని మొదటి ఏడాదిలోనే వచ్చింది. ఆ ఏడాది క్లేటన్ కెర్షా నడుము నొప్పితో రెండు నెలలకు పైగా ఆడలేదు, జట్టులో గాయాలకు అంతు లేదు, అయినా డివిజన్ గెలిచారు. అప్పుడు ఆశ్చర్యం ఉంది. ఇప్పుడు అతను గెలిస్తే అది అతని బాధ్యత, అంతే.

ఇలా ఎక్కువ నష్టపోయింది రాబర్ట్స్ కాదు, నా లెక్కలో అట్లాంటా బ్రేవ్స్‌ను నడిపిన బాబీ కాక్స్. 1990లో 65 ఆటలు గెలిచి అట్టడుగున ఉన్న జట్టును 1991లో 94 గెలుపులతో పైకి తెచ్చాడు, అవార్డు వచ్చింది. అక్కడి నుంచి 2005 దాకా, సమ్మె వల్ల మధ్యలో ఆగిపోయిన 1994ను వదిలేస్తే, ప్రతి ఏడాదీ డివిజన్ గెలిచాడు. 14 డివిజన్ టైటిళ్లు వరుసగా! వాటిలో అవార్డు వచ్చింది మూడుసార్లే: 1991, 2004, 2005. వరల్డ్ సిరీస్ గెలిచిన 1995లో కూడా ఇవ్వలేదు. పుట్టి మూడేళ్లయిన కొలరాడో రాకీస్‌ను ప్లేఆఫ్స్‌కు చేర్చిన డాన్ బేలర్‌కు ఇచ్చారు. మళ్లీ కాక్స్‌కు ఎప్పుడు ఇచ్చారో చూడండి: పేరున్న ఆటగాళ్లు వెళ్లిపోయి, ఇక బ్రేవ్స్ పని అయిపోయిందని అందరూ రాసిన ఏళ్లలో. అన్నేళ్ల పాటు ఏటా గెలవడం కంటే కష్టమైనది మేనేజర్ పనిలో ఇంకొకటి ఉందని నేను అనుకోను. దాన్ని ఈ అవార్డు చూడలేకపోయింది. ఇది దాని అసలైన లోపం, నేను దీన్ని మనస్ఫూర్తిగా తప్పుపడతాను.

బ్రూస్ బోచీ కథ కూడా అలాంటిదే. శాన్ ఫ్రాన్సిస్కోతో 2010, 2012, 2014లో, టెక్సాస్‌తో 2023లో, మొత్తం నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు. అతని అవార్డు మాత్రం ఒక్కటే, అది 1996లో శాన్ డియేగోతో వచ్చింది. టొరంటోకు 1992, 1993లో వరుసగా వరల్డ్ సిరీస్ తెచ్చిన సిటో గాస్టన్‌కు ఒక్కటి కూడా రాలేదు. బోస్టన్ 86 ఏళ్ల నిరీక్షణకు 2004లో తెరదించిన టెర్రీ ఫ్రాంకోనాకు అక్కడ రాలేదు; మా క్లీవ్‌లాండ్‌కు వచ్చాక మూడుసార్లు వచ్చింది.

మరోవైపు బక్ షోవాల్టర్ నాలుగు వేర్వేరు జట్లతో నాలుగుసార్లు గెలిచాడు: 1994లో యాంకీస్, 2004లో టెక్సాస్, 2014లో బాల్టిమోర్, 2022లో మెట్స్. వరల్డ్ సిరీస్ ఒక్కసారి కూడా గెలవలేదు. పడిపోయిన జట్టును నిలబెట్టడంలో అతనికి సాటి లేదు, ఈ అవార్డు కొలిచేది సరిగ్గా దాన్నే.

ఇప్పుడు ఒక జాగ్రత్త. అనుకున్నదానికంటే ఎక్కువ గెలవడంలో మేనేజర్ నేర్పు ఎంతో, అదృష్టం ఎంతో విడదీయడం కష్టం. 2023 మయామీ మార్లిన్స్‌ను తీసుకోండి. స్కిప్ షూమాకర్‌కు మొదటి ఏడాదే అవార్డు వచ్చింది. జట్టు 84 ఆటలు గెలిచింది. కానీ ఆ ఏడాదంతా కలిపి వాళ్లు చేసిన పరుగులు 666, ఇచ్చినవి 723. చేసినదానికంటే ఇచ్చింది 57 ఎక్కువ! బిల్ జేమ్స్ అనే గణాంకవేత్త చెప్పిన ఒక లెక్క ఉంది: చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గమూ ఇచ్చిన పరుగుల వర్గమూ కలిపిన మొత్తంతో భాగిస్తే, ఆ జట్టు సగటున ఎంత భాగం ఆటలు గెలవాలో వస్తుంది. మయామీకి వేసి చూస్తే నూటికి 46, అంటే 74 లేదా 75 గెలుపులు. మిగిలిన తొమ్మిది, పది ఎక్కడివి? ఒక్క పరుగు తేడాతో తేలిన ఆటల్లో వాళ్లు 33 గెలిచి 14 మాత్రమే ఓడారు. అందులో బుల్‌పెన్‌ను, అంటే ఆట మధ్యలో దిగే పిచ్చర్లను, సరిగ్గా వాడిన నేర్పు కొంత ఉంది, నేను కాదనను. కానీ అలాంటి నిష్పత్తి రెండో ఏడాది నిలవడం చాలా అరుదు. 2024లో అదే జట్టు సరిగ్గా 100 ఆటలు ఓడింది. దాన్ని చూసి “అవార్డు వస్తే శని పట్టుకుంటుంది” అని కొందరు రాస్తారు. శని కాదు, లెక్క సరిపోయింది అంతే. నేను 2023లో షూమాకర్‌కు మూడో పేరు రాశాను.

మరి అదృష్టాన్ని పక్కన పెట్టి మేనేజర్ చేతిని చూడటం ఎలా? నాకు తెలిసిన ఒక దారి చెబుతాను. ఇది స్టేడియంలో కూర్చుంటేనే కుదురుతుంది, టీవీలో కనిపించదు. డగౌట్‌లో గోడకు ఒక ఫోను ఉంటుంది. మేనేజర్ చెబితే కోచ్ ఆ ఫోను ఎత్తి, మైదానం అవతల బుల్‌పెన్‌లో ఉన్న పిచ్చర్‌ను లేపమంటాడు. అతను జాకెట్ విప్పి, ముందు మెల్లగా, తరువాత బలంగా బంతులు వేస్తూ ఒళ్లు వేడి చేసుకుంటాడు. ఒక్కోసారి పది నిమిషాల తరువాత ఏమీ జరగదు. మైదానంలో ఉన్న పిచ్చరే ఇన్నింగ్స్ గట్టెక్కిస్తాడు, లేచినవాడు జాకెట్ వేసుకుని కూర్చుంటాడు. స్కోరులో అతని పేరు ఉండదు. కానీ ఆ చెయ్యి సగం వాడేసినట్టే. అలా వారంలో మూడుసార్లు లేపి కూర్చోబెడితే ఆగస్టుకల్లా ఆ చేతిలో వేగం మిగలదు.

నేను స్కోరు పుస్తకం అంచున, పిచ్చర్ లేచిన ప్రతిసారీ పెన్సిల్‌తో ఒక చుక్క పెడతాను. అతను నిజంగా ఆటలోకి వస్తే ఆ చుక్క చుట్టూ సున్నా చుడతాను. ఆట ముగిశాక సున్నా లేని చుక్కలు లెక్కపెడతాను. భయంతో నడిపే మేనేజర్ పేజీ అంచంతా ఒంటరి చుక్కలతో నిండి ఉంటుంది. తన మనుషుల మీద నమ్మకం ఉన్నవాడి పేజీలో ఒకటో రెండో ఉంటాయి. మా క్లీవ్‌లాండ్ మేనేజర్ స్టీవెన్ వోట్ పేజీలు శుభ్రంగా ఉంటాయి. పదేళ్లు క్యాచర్‌గా (బ్యాటర్ వెనక కూర్చుని పిచ్చర్ బంతిని పట్టేవాడు) ఆడినవాడు, మేనేజర్ కావడానికి ముందు ఏడాది సియాటిల్‌లో బుల్‌పెన్ కోచ్‌గా పనిచేసినవాడు. లేచి కూర్చున్నవాడి చెయ్యి ఎంత అలిసిపోతుందో అతనికి దగ్గరగా తెలుసు.

వోట్‌కు కూడా మర్ఫీలాగే 2024, 2025లో వరుసగా అమెరికన్ లీగ్ అవార్డు వచ్చింది. 2025లో క్లీవ్‌లాండ్ వరుసగా పది ఆటలు ఓడి, జులైలో డెట్రాయిట్‌కు పదిహేనున్నర ఆటలు వెనకబడింది. జులై చివర ముఖ్యమైన క్లోజర్ (ఆఖరి ఇన్నింగ్స్ వేసే పిచ్చర్) బెట్టింగ్ విచారణ వల్ల జట్టుకు దూరమయ్యాడు. అక్కడి నుంచి వచ్చి డివిజన్ గెలిచారు. అంత దూరం నుంచి వచ్చి గెలిచినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆ సెప్టెంబర్ రాత్రుల్లో నేను స్టేడియంలో ఉన్నాను, నా పక్క సీటు పెద్దాయన ఏడవడం చూశాను.

అయినా నా ఓటు వోట్‌కు వేయలేదు. టొరంటో మేనేజర్ జాన్ ష్నైడర్‌కు వేశాను. 2024లో 74 గెలుపులతో డివిజన్‌లో ఆఖరున ఉన్న జట్టును 94 గెలుపులతో మొదటి స్థానానికి తెచ్చాడు. గోతిలోంచి పైకి తెచ్చినందుకు వోట్‌ను మెచ్చుకుంటే, వరుసగా పది ఓడి ఆ గోతిలో పడినప్పుడు జట్టును నడుపుతున్నది కూడా అతనే అని గుర్తు పెట్టుకోవాలి. సొంత ఊరి మీద ప్రేమ ఓటు వేయకూడదన్నది నా నియమం. విలేకరులు నాతో ఏకీభవించలేదు.

ఈ ఆశ్చర్యం లెక్కను నేను ఎందుకు పూర్తిగా కొట్టిపారేయనో చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా పిల్లల లీగ్‌లో ఉత్తమ కోచ్‌ను ఎంచే ఐదుగురిలో నేనూ ఒకడిని. ఛాంపియన్ జట్టు కోచ్‌కు అందరం చేతులెత్తాం. అతని జట్టులో అందరూ పన్నెండేళ్లవాళ్లు, ఇద్దరు ఎవరూ కొట్టలేనంత వేగంగా వేసేవాళ్లు. అదే ఏడాది ఇంకొక కోచ్‌కు తొమ్మిది, పదేళ్ల పిల్లలే దక్కారు. మొదటి నెలలో బంతి చూస్తే కళ్లు మూసుకునేవాళ్లు. జులైకి ఆ జట్టు సగం ఆటలు గెలిచింది. ఆ మనిషి ప్రతి ఆటకు ముందు ప్రతి పిల్లవాడి దగ్గర మోకాలి మీద కూర్చుని, ఈ రోజు నీ పని ఇది అని ఒక్క వాక్యం చెప్పేవాడు. మేము అతని పేరు కూడా చర్చించలేదు. మర్నాటి ఏడాది అతను రాలేదు. ఆ చేతిని ఎత్తినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. గెలిచినవాడికే అవార్డు ఇస్తే, గెలవడానికి కావలసినవన్నీ ముందే చేతిలో ఉన్నవాడికి ఇచ్చినట్టు అవుతుంది.

గెలిచినవాడికే ఇచ్చే పద్ధతి కూడా లోకంలో లేకపోలేదు. జపాన్‌లో 1977 నుంచి మత్సుతారో షోరికి పేరిట ఒక అవార్డు ఉంది. అది మేనేజర్లకే పరిమితం కాదు. మొదటి ఏడాది 756వ హోమ్ రన్ కొట్టిన సదహరు ఓకు ఇచ్చారు. కానీ సీజన్ అంతా ముగిశాక నిర్ణయిస్తారు కాబట్టి ఆ ఏడాది జపాన్ సిరీస్ గెలిచిన మేనేజర్‌కే ఎక్కువసార్లు వెళుతుంది. మీరు కోరుకునేది అలాంటి అవార్డు.

ఈ అవార్డు ఉద్యోగాన్ని కాపాడదు అన్నది కూడా తెలుసుకోండి. 2006లో మార్లిన్స్‌కు 78 గెలుపులు, 84 ఓటములు వచ్చినా జో జిరార్డీకి అవార్డు వచ్చింది, ఎందుకంటే ఆ కుర్ర జట్టు వంద ఓడుతుందని అందరూ అనుకున్నారు. అవార్డు ప్రకటించేసరికి అతన్ని అప్పటికే ఉద్యోగం నుంచి తీసేశారు. 1997లో బాల్టిమోర్ మేనేజర్ డేవీ జాన్సన్ అవార్డు వచ్చిన రోజే యజమానితో పడక రాజీనామా చేశాడు. 2023లో అదే బాల్టిమోర్‌ను 101 గెలుపులకు చేర్చి అవార్డు పొందిన బ్రాండన్ హైడ్‌ను 2025 మే నెలలో పంపించేశారు.

ఇక చివరగా రాబర్ట్స్ దగ్గరికి వస్తాను, మీ బాధ నాకు అర్థమైంది కాబట్టి. 2025 వరల్డ్ సిరీస్ ఏడో ఆట టొరంటోలో జరిగింది. ముందు రాత్రి 96 బంతులు వేసిన యోషినోబు యమమోటోను రాబర్ట్స్ మామూలుగా ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ దింపాడు. ఆరో ఆట నుంచి వరుసలోకి తెచ్చిన మిగెల్ రోహాస్ అదే ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఫీల్డింగ్ కోసమని అప్పుడే సెంటర్ ఫీల్డ్‌కు పంపిన ఆండీ పహెస్, మూడు బేసుల మీదా టొరంటో ఆటగాళ్లు ఉండగా, తన జట్టు ఆటగాడి మీద పడుతూ గోడ దగ్గర బంతి పట్టుకున్నాడు. ఆ బంతి కింద పడితే సీజన్ అక్కడికి ముగిసేది. పదకొండో ఇన్నింగ్స్‌లో 5-4తో గెలిచారు. మూడు నిర్ణయాలు, మూడూ ఒకే ఇన్నింగ్స్‌లో ఫలించాయి. ఇన్నేళ్లలో ఒక మేనేజర్ చేతిని అంత స్పష్టంగా నేను ఎప్పుడూ చూడలేదు. టీవీ ముందు కూర్చుని ఒక పేజీ నిండా రాసుకున్నాను. పైన వేసిన తేదీ నవంబర్ 1. నా ఓటు పేజీ మీద ఉన్న తేదీ సెప్టెంబర్ 28.